బందెలదొడ్డిలో పది కోట్ల డిగ్రీలు

అనంతపురం జిల్లా చూసి రావాలని నాకెప్పుడూ కోరిక పుట్టలేదు. అక్కడ మాకు చుట్టాలు లేరు, మొక్కులు లేవు. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పుకుంటూ, ఇంటి వెనకే కాలవ పారుతుంటే, నీళ్ళు లేని చోటికి పనిగట్టుకుని ఎవరు పోతారు? అయినా పోయి వచ్చాను. వచ్చాక తోటి టీచర్లు "ఏం చూశావు?" అని అడిగితే, "ఏమో, నాకే సరిగ్గా అర్థం కాలేదు" అన్నాను. అర్థం కాకపోయినా సరే రాయమన్నారు. రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను, మనుషుల పేర్లు కూడా మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

బయల్దేరక ముందే తికమక

ఎనభైల మొదటి రోజులు. మా అక్కకు కంటి ఆపరేషనైతే సాయానికి హైదరాబాదు వెళ్ళాను. అక్క కూతురు శారద అక్కడే ఒక పరిశోధన సంస్థలో డాక్టరేటు చేస్తోంది. ఒకరోజు పొద్దున్నే పక్కింట్లో ఫోను మోగింది. శారద పరుగెత్తి వెళ్ళి మాట్లాడి వచ్చి, చెప్పులు వేసుకుంటూనే, "అమ్మా, నా పెట్టె జాడ తెలిసింది. అనంతపురం జిల్లాలో ఎక్కడో పడిందట. జీపు పంపుతున్నారు, ఇప్పుడే వెళ్ళాలి" అంది. కళ్ళకు కట్టుతో పడుకున్న మా అక్క తల కదపకుండానే, "జీపులో ఒక్కదానివేనా? నన్ను పక్కింటావిడ చూసుకుంటుంది, పిన్నిని తీసుకెళ్ళు" అంది. అంతే, నా ప్రయాణం ఖాయమైపోయింది. నన్నెవరూ అడగలేదు.

ఏ పెట్టె, ఎక్కడినుంచి పడింది అని జీపు కదిలాక అడిగాను. అడగకపోయినా బాగుండేది.

నక్షత్రాలన్నీ గుంపుకడితే గెలాక్సీ అట. అలాంటి గెలాక్సీలు మళ్ళీ వందలూ వేలూ గుంపుకడతాయట. స్వాతికీ ఉత్తర ఫల్గుణికీ మధ్య అలాంటి గుంపు ఒకటి ఉందట, మన కంటికి ఆనదు. ఆ గెలాక్సీల నడుమ ఖాళీ అనుకున్న చోటంతా ఏదో వాయువు నిండి ఉందట. దాని వేడి పది కోట్ల డిగ్రీలకు అటో ఇటో ఉంటుందట. అటా, ఇటా అన్నదే మా శారద చదువు.

"అక్కడ థర్మామీటరు ఎవరు పెట్టారే?" అన్నాను.

"ఎవరూ పెట్టక్కర్లేదు పిన్నీ. కొలిమిలో ఇనుము చూడు. కొంచెం కాలితే ఎర్రగా ఉంటుంది, బాగా కాలితే తెల్లగా ఉంటుంది. ముట్టుకోకుండానే వేడి చెప్పొచ్చు. ఇది మరీ కాలిపోయింది కాబట్టి ఎక్స్‌రేలు వస్తాయి. అందులో మెత్తనివెన్ని, గట్టివెన్ని అని లెక్కపెడితే వేడి ఎంతో తెలుస్తుంది."

ఎక్స్‌రే అంటే నాకు మా ఆయన విరగ్గొట్టుకున్న మోచెయ్యే గుర్తొస్తుంది. ఊఁ కొట్టాను. ఆ ఎక్స్‌రేలకు మన గాలి అడ్డట, కింద కూర్చుంటే ఒక్కటీ అందదట. అందుకని లెక్కపెట్టే పెట్టెను ఇల్లంత బెలూనుకు కట్టి ఆకాశం అంచుకు పంపారు. ఆ రాత్రి పని అయ్యాక బెలూనును తెగ్గొట్టి, పెట్టెను పారాషూటుతో దించారు. గాలి వీళ్ళ లెక్కకు లొంగక దాన్ని ఎక్కడికో ఈడ్చుకుపోయింది.

"పడితే పడింది. లెక్కలు పైనుంచే రేడియోలో కిందికి వచ్చేశాయంటున్నావుగా, ఇంక ఈ పరుగెందుకు?"

శారద బ్యాగులోంచి చిన్న సీసం డబ్బా తీసి చూపించింది. లోపల చొక్కా గుండీ అంత బిళ్ళ ఉందట. దాంట్లోంచి వచ్చే రేలు ఎంత గట్టివో ముందే తెలుసట. "ఇది మా పడికట్టు రాయి పిన్నీ. కొట్లో తక్కెడ సరిగ్గా ఉందో లేదో రాయి వేసి చూస్తారు కదా, అలాగ. పైన ఉండగా మధ్యమధ్యలో ఇలాంటి గుండీని పెట్టెకు చూపించడానికి ఒక మర పెట్టాం. పైకెక్కగానే అది బిగుసుకుపోయింది. ఇప్పుడు కింద చూసుకుంటే తప్ప తక్కెడ ఎలా ఉందో తెలీదు. ఎవరైనా పెట్టె తెరిచినా, తడిపినా ఇంక ఏ లెక్కా నమ్మడానికి లేదు." తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇది మూడోది. ఒక బెలూను పగిలింది, ఒక పెట్టె చెరువులో పడింది. నాలుగోది ఇవ్వరు" అంది.

నాకు సైన్సు అర్థం కాలేదు గానీ ఆ చివరి మాట అర్థమైంది. ఆ సీసం డబ్బా నా మాగాయ జాడీని ఆనుకుని ఉందని కూడా అప్పుడే చూశాను. "దీన్ని దూరంగా పెట్టవే తల్లీ!" అని అరిచాను. ఏమీ కాదంటుంది. ఆ మాగాయ నేను మళ్ళీ ముట్టుకోలేదు.

రాప్తాడులో ఉగ్గాని

మొదటి రోజంతా రోడ్డే. కర్నూలు దాటాక చెట్లు తగ్గుతూ వచ్చి చివరికి రాళ్ళు మిగిలాయి. ఎవరో పెద్ద చేత్తో కుప్పలు పోసినట్టు గుండ్లు, వాటి పక్కన ఎర్రమట్టి, మట్టి మీద నిరుటి వేరుశనగ దుబ్బులు. మధ్యమధ్యలో చేలకు గట్లు కట్టి, దున్ని, ఏమీ వెయ్యకుండా వదిలేశారు. మా వైపు ఖాళీ నేల కనపడితే ఎవడో కొబ్బరి మొక్క పాతేస్తాడు. అనంతపురం లాడ్జిలో గదికి ఒక బకెట్టు నీళ్ళిచ్చి, "రేప్పొద్దున దాకా ఇవే అమ్మా" అన్నారు. శారదా నేనూ ఆ బకెట్టు చుట్టూ కూర్చుని పంచుకున్నాం.

మర్నాడు పొద్దున రాప్తాడులో రోడ్డు పక్క హోటల్లో ఆగాం. ఉప్మా అనుకుని తెప్పించుకుంటే బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టింది వచ్చింది. ఉగ్గాని అట. పక్కన మిరపకాయ బజ్జి. బొరుగులు పిల్లల చిరుతిండి గదా, ఇదేం టిఫిను అనుకుంటూనే రెండు ప్లేట్లు తిన్నాను. కాఫీతో కలిపి రూపాయిన్నర. తెనాలిలో ఆ డబ్బుకు రెండిడ్లీలు వచ్చేవి, ఇంత కడుపు నిండేది కాదు.

తింటూ తలెత్తి చూసిన శారద చెయ్యి ఆగిపోయింది. హోటలు వసారా కప్పు మీద పల్చటి తెల్లటి కాగితం లాంటిదేదో కప్పి ఉంది. రోడ్డు అవతల గడ్డివాము మీదా అదే. సైకిలు మీద పోయేవాడు తలకు చుట్టుకున్నదీ అదే.

"అది మా బెలూను!" అంది.

హోటలాయన గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. "మీదా? మొన్న తెల్లారేసరికి ఊరి బయట పడినాది. కోసుకున్నోళ్ళకు కోసుకున్నంత. తీస్కపోతారా ఏమ్మా, మళ్ళా?" ఆయన మొహంలో నిజంగానే దిగులు కనపడింది.

"వద్దు, మీరే ఉంచుకోండి. దానికింద పెట్టె ఒకటి ఉండాలి, చూశారా?"

"పెట్టె ఈడ పల్లేదు. పెనుకొండ దిక్కు పోయినాదంటారు." దిగులు తీరిపోయింది కాబోలు, నాకింకో బజ్జి వేసి డబ్బులొద్దన్నాడు.

ధర్మవరంలో పంక్చరు

ధర్మవరం మీదుగా పోదామన్నది డ్రైవరు మస్తాన్ ఆలోచన. మేం దిగింది మాత్రం టైరు పుణ్యాన. నేతవీధిలో మగ్గాల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఒక ఇంటి అరుగు మీద నీడ ఉందని కూర్చుంటే, లోపల పట్టు చీర నేస్తున్నాయన కాళ్ళు ఆపకుండానే పలకరించాడు. ఆయన భార్య రాట్నం ముందునుంచి లేచి మజ్జిగ తెచ్చింది. సంగతి విని ఆమె పడీపడీ నవ్వింది.

"పది కోట్లా? మా ఎండకే కోడిపిల్లలు సస్తాండాయి. అంత వేడైతే అది మన దాకా కొట్టదా?"

నాకూ అదే సందేహం. అడిగితే తెలివితక్కువగా ఉంటుందని ఊరుకున్నాను.

"కొట్టదమ్మా. ఆ వాయువు అంత పల్చన. మీ ఇల్లంత చోటులో నాలుగు నలుసులున్నట్టు. ఒక్కొక్క నలుసూ పిచ్చి వేగంతో తిరుగుతుంది, కానీ నాలుగే గదా. అందులో చెయ్యి పెడితే కాలదు. చలికి గడ్డకట్టిపోతాం."

మగ్గం ఆగింది. "పది కోట్ల వేడిలో చలా?" అన్నాడాయన. ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను చేతులు తిప్పాను.

"అట్లయితే అది వేడే కాదు పో" అని ఆమె తేల్చేసి గ్లాసులు తీసుకుపోయింది. శారద ఇంకా ఏదో చెప్పబోయింది గానీ మస్తాన్ హారను కొట్టాడు. ఆ రోజంతా నేను ఆ ఇల్లాలి పక్షమే.

సోమందేపల్లెలో కబురు

సోమందేపల్లెలో టీ కొట్టు ముందు జీపు ఆగీ ఆగకముందే నలుగురు చుట్టూ చేరారు. "పెట్టె కోసమేనా?" అన్నారు.

"ఎక్కడుంది? బాగుందా?" అంటూ శారద జీపులోంచి దూకింది.

"బాగుండాది. బందెలో పెట్టినారు."

శారదకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కానీ నమ్మబుద్ధి కాలేదు. ఒకరి చేలో పడి మేసిన గొడ్డును తోలుకొచ్చి కట్టేసే చోటు బందెలదొడ్డి. మా వైపూ ఉండేది. ఇప్పుడు అందులో పంచాయతీ వాళ్ళు పిడకలు పెట్టుకుంటున్నారు. ఈ వైపు ఇంకా నడుస్తోంది.

"పెట్టెను బందెలో పెట్టడమేంటి?" అన్నాను.

టీ కొట్టాయన నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "లక్ష్మక్క మల్బరీ తోటలో పడి ఆకంతా తొక్కేసినాది గదమ్మా!"

చీకటిపడిందని ఆ రాత్రికి అక్కడే, ఆయన చుట్టాలింట్లో పడుకున్నాం. శారద నిద్రపోలేదు. నేను పోయాను.

బందెలదొడ్డి

ఊరు రోడ్డుకు లోపల, రెండు గుట్టల మధ్య ఉంది. మేం వెళ్ళేసరికి దొడ్డి దగ్గర సగం ఊరు ఉంది. నడుమెత్తు రాతి గోడ, మధ్యలో ఒక దూడ, రెండు మేకలు, వాటి పక్కన శారద పెట్టె. బీరువాను వెల్లకిలా పడుకోబెట్టినంత ఉంది, తెల్లటి రంగు, చుట్టూ అల్యూమినియం కమ్మీలు. ఒక కమ్మీకి పలుపు వేసి గుంజకు కట్టేశారు. ఎదురుగా ఒక రాతి తొట్టి పెట్టారు. నవ్వు ఆపుకోవడానికి నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

శారద గోడ దాటబోతే ఒక ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. పేరు ఓబన్న. దొడ్డి కాసేది ఆయనే, ఆయన నాయన, తాత కూడా అదే పని చేశారట.

"ఆగు పాపా. ఊరికే తోలుకపొయ్యేదానికి ల్యా. లక్ష్మక్క రానీ."

లక్ష్మక్క వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మనిషి ఎండు కొమ్మలా ఉంది, మాట మాత్రం గట్టిది. పారాషూటూ పెట్టే కలిసి తోటలో ఒక మూల ఎలా చదును చేశాయో చేతులతో చూపించింది. ఇంట్లో పట్టుపురుగులు ఆఖరి జ్వరం లేచి ఆకు అడుగుతున్నాయట. పురుగు కుబుసం విడవడాన్ని వాళ్ళు జ్వరం అంటారు. "అవి ఇప్పుడు తిన్నంతే గూడు. నా ఆకు పోయినాది, నేను ఎవుర్ని అడగాల?" అంది.

శారద చేతులు జోడించింది. "తప్పేనమ్మా. మా వాళ్ళ లారీ వస్తోంది, పోయిన ఆకు ఎక్కడ దొరికితే అక్కడ కొని తెప్పిస్తాను. పెట్టె మాత్రం ఇవ్వండి. అది గొడ్డు కాదు..."

"గొడ్డు కాదని మాకు తెలీదా?" లక్ష్మక్క కస్సుమంది. "నీదో కాదో మాకేం తెలుసు? నిన్న ఇంకెవురో వచ్చి మాదే అన్నారు. లోపల రాగి ఉండాదని అమ్ముకొనేదానికి వచ్చినారు."

తలపాగా పెద్దాయనొకడు గోడ మీద కూర్చుని తీర్పు చెప్పాడు. "బందె గొడ్డును ఎట్ల విడిపిస్తారు? వాకిట్లో నిలబడి పిలుచ్చారు. పలికితే ఆయప్పది. ల్యాకుంటే కాదు. పిలువు పాపా."

పిలవడమేమిటి, పెట్టె పలకడమేమిటి! నేను కల్పించుకుని నాలుగు మాటలు అందామనుకున్నాను. అప్పుడు శారద మొహం చూశాను. అది నవ్వుతోంది.

"పిలుస్తాను. నా సామాను తెచ్చుకోనిస్తారా?"

జీపులోంచి బ్యాటరీ తెచ్చింది, ముల్లు ఉన్న ఒక మీటరు పెట్టె తెచ్చింది. వైర్లు తగిలించింది. సీసం డబ్బా మూత తీసి, ఆ గుండీని పట్టకారుతో పట్టుకుని తెల్ల పెట్టెకున్న చిన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. దొడ్డి చుట్టూ ఉన్నవాళ్ళంతా గోడ మీదికి వంగారు. దూడ కూడా నమలడం ఆపింది. మూడోది ఇది, నాలుగోది ఇవ్వరు.

టిక్ అంది. తర్వాత టిక్ టిక్ అంది. గుండీ దగ్గరయ్యేకొద్దీ చింతపిక్కలు చాటలో పోసినట్టు గలగలా మొదలైంది. శారద చెయ్యి వెనక్కి తీసింది, ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పలికింది.

"పలికినాది! పాపదే!" అని అందరూ ఒక్కసారి అరిచారు. ఓబన్న కళ్ళు తుడుచుకున్నాడు. లక్ష్మక్క కూడా "పోనీలే, విడ్సినా" అనేసింది.

నేనూ చప్పట్లు కొట్టబోయి ఆగాను. శారద మీటరు మీద వంగి మీటలేవో తిప్పుతోంది. ముల్లు వంక చూసి, మళ్ళీ తిప్పి, మళ్ళీ చూసి, నా వైపు తిరిగింది. పిల్లకు మొహంలో నెత్తురు చుక్క లేదు.

నీళ్ళు పోశావా?

"పలుకుతోంది పిన్నీ, కానీ తగ్గి పలుకుతోంది" అని మెల్లగా చెప్పింది. తక్కెడ మొగ్గింది. అది పైన ఉండగానే మొగ్గి ఉంటే ఏం పర్వాలేదట, ఇప్పుడు తీసిన కొత్త కొలత పెట్టి లెక్క సరిచేసుకోవచ్చట. ఎండకు మొగ్గితే అది హైదరాబాదులో వేడిచేసి చూసి తేల్చవచ్చట. కానీ లోపలికి నీళ్ళు వెళ్ళి చెమ్మకు మొగ్గితే, అది మొగ్గింది ఇక్కడ, ఈ దొడ్డిలో. అప్పుడు పైకి పంపకముందు తీసిన పాత కొలత పెట్టాలి. ఏ కొలత పెట్టాలో తెలియకపోతే అటూ లేదు, ఇటూ లేదు, మూడేళ్ళ చదువూ లేదు.

"తడి ఉందేమో తీసి చూడవే."

"ఈ ఎండకు పోసిన గంటకే ఆరిపోతుంది పిన్నీ."

అప్పుడు రాతి తొట్టి వైపు చూసి, శారద ఓబన్నను పిలిచింది. "తాతా, దీనికి నీళ్ళు పోశారా?"

ఓబన్న నిటారుగా నిలబడ్డాడు. అందరి ముందూ గట్టిగా చెప్పాడు. "పోసినా! పూటపూటా పోసినా, పైనా, కిందా. బందెలో పెట్టింది ఏదైనా సరే, నీళ్ళు పొయ్యాల. పోయినేడు ఎవురిదో సైకిలు పెట్టినారు. దానికీ పోసినా. మా దొడ్లో ఏదీ దప్పికతో ఉండల్యా."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. శారద గోడ పక్కన కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుంది. నాకు ఓబన్న మీద ఎంత కోపం వచ్చిందంటే, పెద్దమనిషి అని కూడా చూడకుండా "ఇనప పెట్టెకు దప్పికేమిటయ్యా, నీ మొహం!" అనబోయాను. లక్ష్మక్క నా చెయ్యి పట్టుకుని భోజనానికి లాక్కుపోబట్టి సరిపోయింది.

సంగటి ముద్ద

లక్ష్మక్క ఇంట్లో సగం పట్టుపురుగుల తట్టలే. కిటికీలకు తడిపిన గోనెలు వేలాడుతున్నాయి, గోడకు థర్మామీటరు ఉంది. చిన్న వాన పడుతున్నట్టు అవి ఆకు కొరుకుతున్న చప్పుడు. అన్నం అనుకుని కూర్చుంటే రాగి సంగటి ముద్ద పెట్టి, ఊరిబిండి అని వేరుశనగ పచ్చడి వేసింది. నేను నమిలాను. "నమలగూడదమ్మా, మింగాల" అని అందరూ నవ్వారు. మింగితే గొంతులో పడి కళ్ళలో నీళ్ళొచ్చాయి. చెయ్యి కడగడానికి బయటికొస్తే లక్ష్మక్క పిడికెడు నీళ్ళు పోసి, "రోంతతో సరిపెట్టుకోమ్మా. బాయిలో అడుగు కనపడతాండాది. ఈ గోనెలు తడిపేదానికే సాలడం ల్యా" అంది.

శారద తినలేదు. దొడ్డి దగ్గరే కూర్చుంది.

ముద్ద ఒకటి ఆకులో పెట్టుకుని శారద కోసం తిరిగి వస్తుంటే, వేపచెట్టు చాటునుంచి ఓబన్న ఎదురొచ్చాడు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, పెద్దదానివి. ఒక మాట అడుగుతా. పాప యాంటికి ఏడుస్తాంది? దాని గొంతు తగ్గినాదా?"

"తగ్గింది" అన్నాను పుల్లవిరిచినట్టు.

ఆయన గబుక్కున నేల మీద కూర్చుండిపోయాడు. "దప్పికకే అమ్మా. నేను పొయ్యలా. ఒక్క సుక్క పొయ్యలా. నీళ్ళు యాడుండాయి? మేకలకీ దూడకీ మా ఇంటి కడవలోంచి తెచ్చి పోస్తాండా. దానికి మిగల్లా. అందరి ముందర పోసినా అని సెప్పినా. మా నాయన దొడ్లో ఏదీ దప్పికతో ఉండల్యా. నా దొడ్లో ఉండాది. పాపకు సెప్పొద్దమ్మా. ఊర్లో తెలిస్తే నా చేతి నీళ్ళు ఎవురూ తాగరు."

నాకు నవ్వాలో, ఈయన్ని కావలించుకోవాలో తెలియలేదు.

"ఓబన్నా, నిజం చెప్పు. ఒట్టు వెయ్యి. ఒక్క చుక్క కూడా పొయ్యలేదా?"

"పొయ్యలా తల్లీ" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో, నువ్వు పొయ్యకపోవడమే దానికి మంచిదయ్యా! నీళ్ళు పోస్తేనే పాడయ్యేది. నువ్వే కాపాడావు."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "నా మనసు నొచ్చగూడదని అంటాండావు. తెలుసమ్మా."

ఎంత చెప్పినా అంతే. నాకే అర్థంకాని సంగతి నేను ఆయనకేం చెప్పగలను? ఎవరికీ చెప్పనని ముందు మాటిచ్చాను. పది అడుగులు వేశాక ఇక్కడ ఇచ్చిన మాటకూ అక్కడ ఏడుస్తున్న పిల్లకూ మధ్య ఇరుక్కున్నానని తెలిసింది. మాట తప్పాను. శారదను జీపు వెనక్కి తీసుకెళ్ళి చెవిలో చెప్పాను.

అది నన్ను గట్టిగా వాటేసుకుంది. సంగటి ముద్ద ఇద్దరి మధ్యా నలిగిపోయింది. "పైనే మొగ్గింది పిన్నీ! అయితే కొత్త కొలతే! తాతకు దణ్ణం పెట్టొస్తా" అని పరుగెత్తబోయింది. కొంగు పట్టుకుని లాగాను. "నోరు మూసుకుని కూర్చో. నువ్వు దణ్ణం పెడితే ఆయన పరువు పోతుంది."

"నీళ్ళు పొయ్యలేదంటే పరువెందుకు పోతుంది?"

"నాకేం తెలుసే! పది కోట్ల వేడిలో చలేస్తుందని నువ్వు చెప్తే నేను ఊఁ కొట్టలేదా?"

తర్వాత హైదరాబాదులో లెక్క తేలిందట. కొత్త కొలత పెడితే వేడి పెరిగిందట. అటు పెరిగిందంటే ఎటో, ఎందుకు అదంత గొప్పో శారద రెండుసార్లు చెప్పింది, నేను రెండుసార్లూ మర్చిపోయాను. డాక్టరేటు మాత్రం వచ్చింది.

వదిలిపెట్టడం

సాయంత్రానికి సంస్థ వాళ్ళ లారీ వచ్చింది. వస్తూ దారిలో రెండు మోపుల మల్బరీ ఆకు తెచ్చింది. శారద పొద్దున సోమందేపల్లెలో బయల్దేరకముందే మస్తాన్‌ చేత లారీ వాళ్ళకు ఫోను చేయించిందట. లక్ష్మక్క ఆకు తిప్పి తిప్పి చూసి, "ముదురాకు" అని మూతి విరిచి, ఇంట్లోకి మాత్రం పరుగునే తీసుకుపోయింది. ఓబన్న తన చేత్తో పలుపు విప్పాడు. పదిమంది కలిసి పెట్టెను లారీ ఎక్కించారు.

మేం జీపు ఎక్కబోతుంటే ఓబన్న మళ్ళీ వచ్చాడు, చేతిలో ఇత్తడి చెంబుతో. చెంబు నిండా కాదు, సగానికి. ఊరంతా చూస్తుండగా నేరుగా లారీ దగ్గరికి నడిచాడు. "పొయ్యేటప్పుడు కూడా పోసి పంపాల. ఇది మా ఆచారం" అని అందరికీ వినపడేట్టు అన్నాడు. నా పక్కగా పోతున్నప్పుడు మాత్రం గొంతు తగ్గించి, "ఇప్పుడన్నా రోంత తాగనీ అమ్మా. మా ఇంట్లోదే" అన్నాడు.

చెంబు పైకెత్తాడు. శారద నా కొంగు పట్టుకుంది. వద్దంటే ఆయన ఊళ్ళో తలెత్తుకోలేడు. ఊరుకుంటే పెట్టె పోతుంది.

ఎలా కదిలానో నాకే తెలీదు, ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఆగు ఓబన్నా. మా వైపు ఆచారం వేరు. విడిపించిన రోజు దాని నీళ్ళు ఆ ఇంటి పెద్దామె తాగాలి. అప్పుడే దానికి చేరతాయి." తెనాలిలో అలాంటి ఆచారమేదీ లేదు. కానీ ఆ క్షణంలో నేనే నమ్మాను.

ఓబన్న తలపాగా పెద్దాయన వైపు చూశాడు. ఆయన తలూపి, "ఊరికో పద్ధతి. ఇచ్చెయ్ ఓబన్నా" అన్నాడు.

నేను చెంబు ఎత్తి తాగాను. నీళ్ళు గోరువెచ్చగా, ఉప్పగా ఉన్నాయి, అడుగున సన్నటి మట్టి. మా ఇంటి వెనక కాలవ గుర్తొచ్చింది. అందులో నేను రోజూ పారబోసే నీళ్ళు గుర్తొచ్చి సిగ్గేసింది. ఒక్క గుక్క కూడా మిగల్చకుండా తాగాను. ఊరంతా చూస్తూనే ఉంది.

"తీరినాదా అమ్మా?" అన్నాడు ఓబన్న.

"తీరింది."

గడ్డంతో లారీ వైపు చూపించి, "దానికి?" అన్నాడు.

"దానికీ తీరింది నాయనా."

ఆయన చెంబు తీసుకుని బోర్లించి చూసుకున్నాడు. పలుపు భుజాన వేసుకుని, దూడకు మేత వెయ్యాలంటూ దొడ్లోకి పోయాడు.